డబ్బీలో ఏం వేశావమ్మా?

మా ఇంట్లో టీబీ ముందు మా ఆయనకి వచ్చింది, తర్వాత నాకు. జబ్బు ఒకటే, ఆసుపత్రి ఒకటే, మాత్రలూ అవే. ఆయన దగ్గు రెండు వారాలు దాటగానే మా మామయ్య అప్పు తెచ్చి, బండి మాట్లాడి తీసుకెళ్ళాడు. నా దగ్గుకి మాత్రం ఇంట్లోనే బోలెడు కారణాలు దొరికాయి. పొయ్యి పొగ అన్నారు, చలిగాలి అన్నారు, నిద్ర చాలట్లేదు అన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. సంపాదించే మనిషి మంచాన పడితే ఇల్లు గడవదని భయం. వండిపెట్టే మనిషి ఎలాగో లేచి తిరుగుతుందని ధీమా.

ఆయన జబ్బు బయటపడ్డ రోజే డాక్టరు ఇంట్లో అందరికీ పరీక్ష చేయించమన్నారు. పిల్లల్ని తీసుకెళ్ళారు. గొడ్లని చూసేవాళ్ళు లేరని నన్ను ఇంట్లో ఉంచేశారు. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. రాత్రిళ్ళు చెమటకి జాకెట్టు తడిసి ముద్దయ్యేది. ఉన్న జాకెట్లన్నీ వదులైపోతుంటే లోపలికి కుట్లు వేసుకుంటూ వచ్చాను. ఆసుపత్రికి వెళ్ళాలంటే బస్సు డబ్బులు ఒకరిని అడగాలి, తోడు రమ్మని ఇంకొకరిని బతిమాలాలి, ఆ పూట వంట ఎవరికి అప్పగించాలో చూసుకోవాలి, పైగా కూలి పోతుంది. మందులు ఉచితమే. వాటి దాకా వెళ్ళడమే ఉచితం కాదు.

చూడ్డానికి వచ్చిన మా అక్క నేను దాచిన గుడ్డ మీద నెత్తుటి చార చూసింది. "ఏమే, ఇది మామూలు దగ్గా? రేపు పొద్దున్నే బయల్దేరు, ఎవరేమంటారో నేను చూస్తా" అంది.

ఆసుపత్రిలో ఓ ప్లాస్టిక్ డబ్బీ చేతిలో పెట్టి "తెమడ వేసి తీసుకురా" అన్నారు. ఎక్కడ? వరండాలో, క్యూలో ఉన్న మగవాళ్ళ ఎదురుగా. నలుగురిలో గట్టిగా దగ్గకూడదు, ఉమ్మకూడదు అని చిన్నప్పటి నుంచీ మొట్టికాయలు వేసి నేర్పారు నాకు. కొంగు అడ్డం పెట్టుకుని, గోడవైపు తిరిగి, నోట్లో ఊరినదేదో వేసి ఇచ్చాను. అది ఉమ్మి. తెమడంటే ఊపిరితిత్తుల్లోంచి రావాలని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. టీబీ లేదని కాగితం వచ్చింది. దగ్గు మందు సీసాతో ఇంటికి పంపేశారు. అసలు నష్టం అక్కడ జరిగింది. చేతిలో కాగితం ఉన్నాక ఇక నా దగ్గుని ఎవరు నమ్ముతారు?

చాలా వారాల తర్వాత ఊళ్ళోకి వచ్చిన ఆరోగ్య కార్యకర్త నా దగ్గు విని ఆగింది. కాగితం చూసి, "డబ్బీలో ఏం వేశావమ్మా?" అనడిగింది. అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. మర్నాడు లేవగానే, ఏమీ తినకముందే, నీళ్ళతో నోరు పుక్కిలించమంది. పెరట్లో గాలి తగిలే చోట నిలబెట్టి, రెండు మూడుసార్లు నిండుగా ఊపిరి పీల్చి, కాసేపు బిగబట్టి, కడుపులోంచి దగ్గమంది. తను దూరంగా, అటు తిరిగి నిలబడింది. ఈసారి చిక్కగా, పచ్చగా పడింది. మిషన్ పరీక్షలో రెండు గంటలకే టీబీ అని తేలింది.

పాకిస్తాన్‌లోని రావల్పిండిలో దీని మీద అధ్యయనమే చేశారని తర్వాత చదివాను. 2007లో ఆ ఫలితాలు వచ్చాయి. తెమడ ఎలా తీయాలో చెప్పి పంపిన ఆడవాళ్ళలో 13 శాతం మందికి టీబీ బయటపడింది, చెప్పకుండా పంపినవాళ్ళలో 8 శాతానికే. మగవాళ్ళలో చెప్పినా చెప్పకపోయినా పెద్ద తేడా లేదు. మొత్తం మీద ఈ జబ్బు మగవాళ్ళకే ఎక్కువ, అది నిజమే. 2023లో జబ్బుపడ్డవాళ్ళలో 55 శాతం మగవాళ్ళు, 33 శాతం ఆడవాళ్ళు, మిగతా పిల్లలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నేనంటున్నది ఆ లెక్క గురించి కాదు, దగ్గు మొదలైన రోజుకీ మాత్ర నోట్లో పడిన రోజుకీ మధ్య పోయిన కాలం గురించి.

ఆరు నెలల వైద్యం. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు అంతకన్నా తక్కువ రకాలు. మొదటి రోజే మూత్రం నారింజ రంగులో వస్తే నెత్తురనుకుని వణికిపోయాను. "నాకూ అంతే, అది మందు రంగు" అన్నాడు మా ఆయన. ఆయనకి ముందే చెప్పారట. రిఫాంపిసిన్ వల్ల ఆ రంగు. అదే మందు గర్భనిరోధక మాత్రల పనితీరునీ తగ్గిస్తుంది, వైద్యం అయిపోయాక కూడా కొన్ని వారాలు. ఆ మాత్రలు వాడుతున్నావా అని ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు. ఆరోగ్య కార్యకర్తే అడిగి, వేరే పద్ధతి వాడమంది. లేకపోతే ఏమయ్యేదో!

ఆయన మంచంలో ఉన్నప్పుడు ముందు వడ్డన ఆయనకే. నాకు జబ్బొస్తే నా కంచం, గ్లాసు వేరే పెట్టారు. కొన్నాళ్ళు పుట్టింటికి పంపితే నయమని కూడా అత్తయ్య అంది. టీబీ గాలి ద్వారా వస్తుంది గానీ కంచాల వల్ల రాదు. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ఈ మాట నేను చెబితే వినలేదు, ఆరోగ్య కార్యకర్త వచ్చి చెప్పాక కంచాలు కలిశాయి.

చివరి పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. బరువెత్తి నడిస్తే ఇప్పటికీ ఆయాసం వస్తుంది. ఊళ్ళో ఏ ఆడమనిషికి డబ్బీ ఇచ్చినా ఆరోగ్య కార్యకర్త నన్ను తోడు పంపుతోంది. వరండాలో మగవాళ్ళుంటే పక్కకి జరగమంటాను, గొణుక్కుంటూ జరుగుతారు. ఆసుపత్రి వెనక చిన్న చాటుగోడ కట్టించమని అర్జీ పెట్టాం. ఇంకా కట్టలేదు. మళ్ళీ పెడుతున్నాం.