మే నెలలో వాష్ వేయాలంటే

చిన్న సైనికుల బొమ్మల పెయింటింగ్ వీడియోల్లో వాష్ (మడతల్లోకి దిగి నీడలా కనిపించే పల్చటి రంగు) వేసి చూపించేవాళ్లు చాలావరకు చలిదేశాల వాళ్లే. బొమ్మంతా పూసేసి, తీరిగ్గా కబుర్లు చెప్పి, ఇంకా తడిగానే ఉన్న మడతల్ని సర్దుతుంటారు. మే నెలలో సత్యనారాయణపురంలో మా మూడో అంతస్తు గదిలో ఆ పని కుదరదు. ఫ్యాన్ కింద తలపాగా దగ్గర మొదలుపెడితే బెల్టు దాకా వచ్చేసరికి తలపాగా ఆరిపోతుంది. ఫ్యాన్ ఆపితే నా చెమటే బొమ్మ మీద పడుతుంది.

నేను వేసేవి 1/72 స్కేలు సైనికులు. ఆరడుగుల మనిషి ఇందులో సుమారు 25 మిల్లీమీటర్లు ఉంటాడు. అంత చిన్న చొక్కా ముడతలో గదిలో లైటు వల్ల కనిపించేంత నీడ పడదు. ఆ నీడ మనమే పెట్టాలి. వాష్ అందుకే.

పల్చన చేయమనగానే నీళ్లు పోసేస్తారు. నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగులో రంగుపొడితో పాటు దాన్ని పట్టి ఉంచే బైండర్ ఉంటుంది. నీళ్లు మరీ ఎక్కువైతే ఆ పట్టు చాలదు, పొడి అంచులకు చేరి చార కడుతుంది. టేబుల్ మీద ఒలికిన కాఫీ చుక్క ఆరాక మిగిలే ముదురు రింగు ఇదే. అంచు దగ్గర తడి త్వరగా ఆరుతుంది, ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు పొడిని మోసుకుంటూ అటు వెళ్తుంది. దీని మీద 1997లో నేచర్ పత్రికలో పరిశోధన వ్యాసమే వచ్చింది.

అందుకని నా మిక్సులో ఒక చుక్క ముదురు గోధుమ అక్రిలిక్‌కి నాలుగు చుక్కల మ్యాట్ మీడియం (రంగుపొడి లేని, మెరవని బైండర్), మూడు నాలుగు చుక్కల నీళ్లు. పాత క్యాలెండర్ నున్నటి కాగితం మీద పూస్తే కింది తేదీలు కనబడాలి. అగ్గిపుల్ల కొనకు అంటినంత డిష్‌వాష్ లిక్విడ్ కలిపితే మిక్సు సందుల్లోకి బాగా జారుతుంది. అంతకు మించితే నురగే. నీళ్లు మాత్రం ఇన్వర్టర్ బ్యాటరీ కోసం తెచ్చిన డిస్టిల్డ్ వాటర్. మా బోరు నీళ్లు బకెట్లకే తెల్లచారలు కడతాయి, ముదురు వాష్‌ని వదులుతాయా?

రెడీమేడ్ సీసాలు తప్పని నేననను. సిటడెల్ అనే రంగుల బ్రాండ్ వాళ్ల గోధుమ వాష్ అగ్రాక్స్ ఎర్త్‌షేడ్ మంచి సరుకే. కాకపోతే 2022లో ఆ షేడ్ల ఫార్ములా మార్చారు, పాత వీడియో చూసి కొత్త సీసా కొంటే అదే ఫలితం ఆశించకండి. ఇంకోటి, ఒంటి రంగుకి వాళ్లు చెప్పే ఎర్రటి వాష్ తెల్లవాళ్ల చర్మానికి లెక్క. మన చామనఛాయ మీద అది ఇటుకలా తేలుతుంది. నేను ముదురు గోధుమలో చిటికెడు ఊదా కలుపుతాను.

వేసేటప్పుడు బొమ్మంతా ఒకేసారి ముంచకుండా చేయి, కాలు, వీపు అని భాగాలుగా వేస్తాను. ముక్కు కింద, మోకాలి వెనక మడుగు కడితే తడిపి టిష్యూకి ఒత్తిన బ్రష్‌తో వెంటనే పీల్చేయాలి. సగం ఆరిన చోట బ్రష్ పెట్టారా, పొర చిరుగుతుంది. పూర్తిగా ఆరనిచ్చి ఇంకో పల్చటి పొర వేసుకోవడం నయం. ఎండాకాలంలో ఈ పనికి తెల్లవారుజామున ఐదు గంటలే అనువు.

ఇంత టెన్షన్ ఎందుకనుకుంటే ఆయిల్ వాష్ ఉంది. 44 డిగ్రీల ఎండలోనూ సర్దుకోవడానికి టైమిస్తుంది. నేనైతే ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎక్కువగా ఇదే. ఆయిల్ రంగుని కాసేపు అట్టముక్క మీద ఉంచితే నూనె కొంత అట్ట పీల్చుకుంటుంది. మిగిలినదాన్ని మినరల్ టర్పెంటైన్‌లో కరిగించాలి. ముందు రోజే బొమ్మకు గ్లాసీ (మెరిసే) వార్నిష్ వేసి ఆరనివ్వాలి. కింది రంగుకి అది రక్షణ, పైగా నున్నటి ఉపరితలం మీద వాష్ మరకలా అంటకుండా సందుల్లోకి పరుగెడుతుంది. అరగంటయ్యాక ఇయర్ బడ్‌ని టర్పెంటైన్‌లో తడిపి, పిండి, ఎత్తుగా ఉన్నచోట్ల పై నుంచి కిందికి తుడవాలి. "ఏంట్రా ఆ కిరోసిన్ కంపు" అని అమ్మ వంటింట్లోంచి అరుస్తుంది. కిటికీలు తీసే చేయాలి, స్టవ్ దగ్గర అసలొద్దు.

మా అన్నయ్య కొడుకు కొండపల్లి దశావతారాల సెట్టు తెచ్చి "బాబాయ్, వీటికీ వాష్ వెయ్యవా" అన్నాడు. వెయ్యనన్నాను. తెల్లపొణికి కర్ర మీద ఆ చదును రంగులు, నల్లగీతతో తేల్చిన కళ్లు నీడ అవసరం లేకుండానే నిలబడతాయి. వాష్ వేస్తే కొత్త బొమ్మ మీద మురికి పట్టినట్టుంటుంది, అంతే.

వాడిన టర్పెంటైన్ సింకులో పోయకండి. మూత బిగించి ఒక రోజు కదపకుండా ఉంచితే రంగు అడుక్కి చేరుతుంది, పై తేటని ఇంకో సీసాలోకి వంపుకుని మళ్లీ వాడుకోవచ్చు.