శక్కర్‌నగర్‌లో ఒక మధ్యాహ్నం

నిజామాబాద్‌లో బస్సెక్కితే బోధన్ గంటలోపే. దారి పొడవునా వరి. ఒకప్పుడు ఇదే రోడ్డు మీద చెరుకు బండ్లు తెల్లవార్లూ బారులు తీరేవట.

మంజీర మీద 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయి నీళ్లు పారాక ఇక్కడ చెరుకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ, దాన్ని ఆనుకుని శక్కర్‌నగర్ కాలనీ వచ్చాయి. 2002లో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో గేటుకు తాళం పడింది.

ఆ గేటు ముందు చాలాసేపు నిలబడ్డాను. లోపల పిచ్చిచెట్లు మనిషెత్తు పెరిగాయి. ఎదుట టీ కొట్టులో కూర్చున్న పెద్దాయన ముప్పై ఏళ్లు బాయిలర్ దగ్గర పనిచేశారట. "మా కాలనీల కరెంటు ఉంటుండె బిడ్డా, చుట్టుపక్కల ఊర్లల్ల కందిళ్లే. సైరన్ ఇంటేనే ఊరికి టైమ్ ఎరుక" అన్నారు. కొట్టు మూల చక్కెర బస్తా మీద మహారాష్ట్ర మిల్లు పేరుంది. ఆయనా అటే చూసి తల తిప్పుకున్నారు.

ఫ్యాక్టరీ వస్తే దాని వెంట బడి, ఆస్పత్రి, కరెంటు, కొత్త బతుకు వస్తాయని చదువుకున్నాం. ఇక్కడ వచ్చాయి కూడా. ఇప్పుడు ఏ పల్లెకెళ్లినా స్మార్ట్‌ఫోన్, ఇంగ్లిష్ మీడియం బడి బస్సు, టైల్స్ వేసిన ఇళ్లు. పని మాత్రం ఊళ్లో లేదు. ఆ టైల్స్ డబ్బు దుబాయ్, మస్కట్ నుంచి వస్తోంది. నిజామాబాద్ జిల్లాలో గల్ఫ్‌కి మనిషిని పంపని ఊరు వెతికితే దొరకడం కష్టం. ఇంటికి కొత్త హంగు రావడం మంచిదే, నేనేమీ కాదనను. కానీ దాని కోసం ఇంటి మనిషే దూరమవ్వాలా? ఈ మాట నన్ను తిరుగు ప్రయాణమంతా వదల్లేదు.

మాటల మధ్యలో పెద్దాయన ఫోన్ మోగింది. కొడుకు, దుబాయ్ నుంచి వీడియో కాల్. హెల్మెట్ ఇంకా తియ్యలేదు, వెనక సగం కట్టిన భవనం. బాయిలర్ వేడికి కమిలి నల్లబడిన మచ్చలున్న చేత్తో ఫోన్‌ని ముఖానికి దగ్గరగా పట్టుకుని ఆయన అడిగారు:

"తిన్నవా బిడ్డా? ఎండ మస్తున్నదా ఆడ?"