మూడొందల హార్స్‌పవర్ బండితో రోజూ ఆఫీసుకి

మూడొందల హార్స్‌పవర్ బండి వేసుకుని రోజూ హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి గచ్చిబౌలి వెళ్లడం ఏంటి, అది ఆదివారం పొద్దున్నే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) మీదకి తీసేది కదా అని చాలామంది అడుగుతుంటారు. ఆదివారానికో బండి, ఆఫీసుకో బండి పెట్టుకునే స్తోమత నాకు లేదు, ఆ అవసరం ఉందని కూడా నేననుకోను. ఒకటే షరతు. డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద వచ్చే నంబర్ చూసి మురిసిపోవడానికి కాదు, కొండాపూర్ ట్రాఫిక్‌లో నడపడానికి బండిని ట్యూన్ చేయించాలి. మన దగ్గర మాడిఫైడ్ బండ్లు కొన్న ఏడాదికే అమ్మకానికి వచ్చేస్తున్నాయంటే ఎక్కువసార్లు ఇది పట్టించుకోకపోవడమే కారణం.

నాది స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్ 230. 2017లో మన మార్కెట్‌లోకి వచ్చింది. రెండు లీటర్ల టర్బో పెట్రోల్, కంపెనీ ఇచ్చింది 230 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ అంతే), 350 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలని తిప్పే బలం), ఆరు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్ బాక్స్. తర్వాత 2020లో 245 కూడా వచ్చింది కానీ దేశం మొత్తానికి 200 బండ్లే, అవి చేతికి దొరికేవి కావు. సెకండ్ హ్యాండ్‌లో 230 తీసుకుని స్టేజ్ 1 రీమ్యాప్ చేయించాను. అంటే ఇంజిన్ విప్పకుండా ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) సాఫ్ట్‌వేర్ మార్చి టర్బో బూస్ట్ (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే ఒత్తిడి), ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ఎంత ముందుగా వెలగాలనేది) కొంచెం పెంచుతారు. ఆ ఒక్కదానికే పవర్ మూడొందల దరిదాపుల్లోకి వెళ్లిపోతుంది, టార్క్ నాలుగొందలు దాటుతుంది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. చాలా షాపుల్లో రెడీమేడ్‌గా ఎక్కించే మ్యాప్‌లో (మార్చిన ఆ సాఫ్ట్‌వేర్‌నే మ్యాప్ అంటారు) టార్క్ అంతా రెండు వేల ఆర్పీఎం దాటగానే ఒక్కసారిగా వచ్చి పడుతుంది. టెస్ట్ డ్రైవ్‌లో సీటుకి అతుక్కుపోతాం, అబ్బ అనిపిస్తుంది, డబ్బులు కట్టేస్తాం. సోమవారం పొద్దున కొత్తగూడలో ముందు ఆటో, పక్కన బైకు, మధ్యలో కాస్త సందు దొరికి ఎక్స్‌లేటర్ మీద కాలు ఆనించగానే బండి ఎగిరి దూకితే అప్పుడు తెలుస్తుంది టెన్షన్ అంటే ఏంటో. ఇది ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండి, నాలుగొందల టార్క్ రెండు ముందు టైర్ల మీదే పడాలి. జూన్‌లో మొదటి వాన పడి, ఎండాకాలమంతా రోడ్డు తాగిన ఆయిల్ పైకి తేలిన రోజు, సిగ్నల్ దగ్గర జీబ్రా లైన్ల తెల్ల రంగు మీద నుంచి కదిలితే టైరు ఒక్క క్షణం ఉత్తినే తిరిగి, మీటర్‌లో ట్రాక్షన్ కంట్రోల్ లైటు పసుపు రంగులో టపటపా కొట్టుకుంటుంది.

అందుకే నేను ట్యూనర్‌ని అడిగింది ఒకటే, ఫస్ట్, సెకండ్ గేర్లలో టార్క్ తగ్గించి పెట్టమని, ఎక్స్‌లేటర్ స్పందన కంపెనీ ఇచ్చినట్టే వదిలేయమని. మూడో గేరు నుంచి ఎంతైనా ఇవ్వండి అన్నాను. గేరుకి ఇంత అని టార్క్ పరిమితి పెట్టడం ఈసీయూలో మామూలు పనే, అడిగితే చేస్తారు, అడగకపోతే చేయరు. దీనివల్ల పీక్ పవర్ ఏమీ తగ్గలేదు. కాగితం మీద నంబర్ అదే, నడిపే బండి మాత్రం వేరే అయిపోయింది.

గేర్ బాక్స్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీని మీదే అందరూ భయపడతారు. నా బండిలో ఉన్న ఆరు గేర్ల డీఎస్‌జీలో క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి కాబట్టి వేడిని తట్టుకుంటాయి. ఆక్టేవియా 1.8లో మన దగ్గర వచ్చిన ఏడు గేర్ల బాక్స్ వేరు, అందులోవి పొడి క్లచ్‌లు, దాని పరిమితే 250 న్యూటన్ మీటర్లు, కంపెనీ ఆ ఇంజిన్‌కి సరిగ్గా 250 దగ్గర గీత గీసి ఇచ్చింది కూడా అందుకే. ఆ బండికి రీమ్యాప్ చేయించి రోజూ ట్రాఫిక్‌లో తిప్పుదాం అనుకునేవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఆయిల్ క్లచ్ బాక్స్ అయినా సరే, ఇంజిన్‌తో పాటు గేర్ బాక్స్ సాఫ్ట్‌వేర్ కూడా మార్పించాలి, లేకపోతే పెరిగిన టార్క్‌కి క్లచ్ జారిపోతుంది. ట్రాఫిక్‌లో బ్రేకు సగం వదిలి అంగుళం అంగుళం జరపడం నేను మానేశాను. ముందు బండికి కాస్త జాగా వదిలి, పూర్తిగా బ్రేకు తీసి కదిలి, మళ్లీ పూర్తిగా ఆపుతాను. వెనకాల హారన్లు కొడతారు, కొట్టనివ్వండి. ఈ బాక్స్ ఆయిల్, ఫిల్టర్ 60,000 కిలోమీటర్లకి మార్చమంటారు, నేను 40,000కే మార్పిస్తున్నాను.

వేడి ఇంకో పెద్ద విషయం, మన ఊళ్లో అయితే ఇదే అన్నిటికంటే పెద్దది. మే నెల సాయంత్రం బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ఇరుక్కున్నప్పుడు ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్‌లోని అంకెలు ఫోన్‌కి పంపే చిన్న పరికరం) పెట్టి ఫోన్‌లో చూస్తే, బయట నలభై పైన ఉంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి అరవై దాటి ఉంటుంది. వేడి గాలి పలచగా ఉంటుంది, నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి మండి ఇంజిన్‌ని దెబ్బతీయడం) వచ్చే ప్రమాదం కూడా ఎక్కువ, కాబట్టి ఈసీయూ తనంతట తనే టైమింగ్ వెనక్కి లాగేస్తుంది. అంటే మీరు డబ్బులు పెట్టి కొన్న హార్స్‌పవర్‌లో కొంత ఆ టైములో బండిలో లేనట్టే. డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి తీసే గొట్టం) కంటే ముందు నేను పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) వేయించింది అందుకే. కదలని బండిలో ఏ ఇంటర్‌కూలరూ అద్భుతాలు చేయదు, కానీ ఫ్లైఓవర్ ఎక్కి గాలి తగలగానే ఆ అంకె ఫోన్‌లో చకచకా దిగిపోవడం చూస్తుంటే పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం జరిగిందనిపిస్తుంది.

పెట్రోల్ విషయానికొస్తే, బంకుల్లో చాలాకాలం మామూలుగా దొరికింది 91 ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే శక్తికి కొలత). 95, 97, 99 ఉన్నాయి, 2020 డిసెంబరు నుంచి 100 కూడా ఉంది, ఢిల్లీలో మొదలుపెట్టినప్పుడే లీటరు 160 రూపాయలు. వంద ఆక్టేన్‌కి మ్యాప్ చేయిస్తే పవర్ ఇంకా పెరుగుతుంది, నిజమే. కానీ రోజూ వాడే బండికి అది పనికిరాదు. విజయవాడ వెళ్తూ సూర్యాపేట దాటాక ముల్లు కిందికి పడిపోతే అక్కడ ఏ బంకులో ఏముంటే అది కొట్టించుకోవాలి. నాది 95కి చేయించిన మ్యాప్. సిటీలో ఏడెనిమిది మైలేజ్ ఇస్తుంది, ఓఆర్ఆర్ మీద వందలో నిలకడగా వెళ్తే పదమూడు దాటుతుంది. ఆరోజుకి ఎంత తాగిందని లెక్కలు వేసుకునేవాళ్లు ఈ జోలికి రాకపోవడమే మంచిది.

చట్టం సంగతి దాచకుండా చెప్పాలి. తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 దీని గురించే, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని 182ఏ అంటుంది. రీమ్యాప్ దీని కిందికి రాదులే అని ఎవరైనా ధీమాగా చెబితే నమ్మకండి. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా మార్పులు చేయిస్తే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు, నేను రాతపూర్వకంగా చెప్పి ప్రీమియం కొంచెం ఎక్కువే కడుతున్నాను. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషాన్ని తగ్గించే భాగం) పీకేసిన డౌన్‌పైప్, చెవులు చిల్లులు పడే సైలెన్సర్ మాత్రం నా బండికి వద్దు. ఆ పొగ వాసన సిగ్నల్ దగ్గర మన వెనకాల బైకు మీద ఉన్నవాడు పీలుస్తాడు, రాత్రి పదకొండుకి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండి స్టార్ట్ చేస్తే నిద్రపోయే పిల్లలు లేస్తారు. ఇందులో వాదించడానికేమీ లేదు.

బండి ఎత్తు తగ్గించే స్ప్రింగులు కూడా వేయించలేదు. స్పీడ్ బ్రేకర్ అంటే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం చెబుతోంది. మా కాలనీలో ఉన్నవి చూస్తే ఆ కాగితం ఎవరూ చదివినట్టు లేదు. స్ప్రింగులకి పెట్టే డబ్బుతో మంచి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఫ్లూయిడ్ వేయించాను. పవర్ పెంచి బ్రేకులు పాతవే ఉంచుకున్న బండిలో నేను ఎక్కను, మా తమ్ముడి బండి అయినా సరే.

పొద్దున స్టార్ట్ చేశాక చూసుకోవాల్సింది కూలంట్ వేడి కాదు, ఆయిల్ వేడి. కూలంట్ త్వరగా తొంభైకి చేరుకుంటుంది, ఆయిల్ ఇంకా బాగా వెనకబడి ఉంటుంది. అది ఎనభై దాటేదాకా మెల్లగానే పోతాను, ఒక్కోసారి అప్పటికి హఫీజ్‌పేట ఫ్లైఓవర్ కూడా దాటిపోతుంది. ఇంజిన్ ఆయిల్ 15,000 కిలోమీటర్లకి బదులు 7,500కే మార్పిస్తున్నాను.

ఇన్ని జాగ్రత్తలు పడి మూడొందల హార్స్‌పవర్ ఎప్పుడు వాడతావు అంటే, రోజూ కొన్ని సెకన్లు. ఓఆర్ఆర్ ర్యాంప్ మీద నుంచి వేగంగా వెళ్తున్న లారీల మధ్యకి కలవాల్సి వచ్చినప్పుడు, విజయవాడ హైవే మీద రెండు బస్సులు పక్కపక్కన నత్తనడక నడిచి చివరికి ఒకటి దారి ఇచ్చినప్పుడు, మూడో గేరులో కాలు గట్టిగా వేస్తే ఎనభై నుంచి నూటపదికి వెళ్లడం కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది. ఓఆర్ఆర్ మీద పరిమితి 120, నాకు అంతకంటే అక్కర్లేదు. ఆ కొన్ని సెకన్ల తర్వాత ఆఫీసులో ఎంత పని ఉన్నా మనసు తేలిగ్గా ఉంటుంది, దీన్ని నేను ఎవరికీ లెక్కల్లో నిరూపించలేను.

మా ఆవిడ కూడా ఈ బండే నడుపుతుంది, పాపని స్కూల్లో దింపడం, కూరగాయలు, అన్నీ. మ్యాప్ మార్పించిన వారం ఆమెకి ఏమీ చెప్పకుండా తాళం ఇచ్చాను. సాయంత్రం వచ్చి ఏసీ కొంచెం తక్కువ చల్లగా వస్తోంది, గ్యాస్ చూపించు అంది, ఇంకేమీ అనలేదు. ట్యూనర్‌కి ఫోన్ చేసి మ్యాప్ ఇలాగే ఉంచేయండి, ఇంకేం మార్చొద్దు అని చెప్పేశాను.