అమ్ముడుపోని గిన్నెలు

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అసలు పేచీ గిన్నెల దగ్గరే వస్తుంది. పొలానికి పాస్‌బుక్ ఉంటుంది, బంగారానికి తూకం ఉంటుంది. మసిబట్టిన రాచ్చిప్పకు ఏముంటుంది? ఎవరికి ఇష్టమైతే వాళ్లు తీసుకోవాలి. అందరికీ ఇష్టమే అయితే, అందులో ఇప్పటికీ వండేదెవరో తేల్చాలి.

అమ్మ వింజమూరు ఇల్లు అద్దెకిచ్చి నెల్లూరులో అన్నయ్య దగ్గరికి మారుతోందంటే, వేసవి సెలవులకు పిల్లల్ని తీసుకుని వెళ్లాం. పాపకు పదమూడేళ్లు, బాబుకు తొమ్మిది. ఇద్దరూ సియాటిల్ దగ్గర పుట్టి పెరిగినవాళ్లే. తెలుగు బాగా అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం ఇంగ్లీషులో వస్తుంది. అటక మీది బొచ్చెలన్నీ దించి వరండాలో పరిచాం.

నేను ఆశపడి వెళ్లింది ఇత్తడి కోసం. గుండిగలు, గంగాళం, అమ్మమ్మ నీళ్లు కాచుకున్న పెద్ద బిందె. తీరా చూస్తే ఒక చెంబు, దీపపు కుందులు తప్ప ఇంకేం లేదు. "స్టీలు సామాన్లోడికి వేసేశాం. అప్పుడందరూ అదే చేశారు" అని అమ్మ తేలిగ్గా చెప్పేసింది. అమ్మమ్మకు సారెగా వచ్చిన ఇత్తడంతా తూకానికి పోయి, స్టీలు డబ్బాలుగా ఇంట్లోకి తిరిగొచ్చిందన్నమాట. వాళ్లను తప్పుపట్టలేను. ఇత్తడిలో వండాలంటే కళాయి ఉండాలి. కళాయివాడు వీధిలో కొలిమి పెట్టి, గిన్నె కాల్చి, నవసాగరం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో లోపలంతా పూస్తే గాని అందులో చింతపండు పులుసు కాయకూడదు. అది అరిగితే మళ్లీ పూయించాలి. కళాయివాళ్లు రావడం తగ్గాక, రోజూ చింతపండేసి తోమి తోమి విసిగిన ఆడవాళ్లు స్టీలు చూసి సంబరపడ్డారంటే పడరా మరి! ఇప్పుడు మనం అదే ఇత్తడిని వేలు పోసి కొని హాల్లో మొక్కలు పెట్టుకుంటున్నాం, అది వేరే సంగతి.

కాబట్టి మిగిలింది ఎవరూ కొనని సామాను. రాచ్చిప్ప, రుబ్బురోలు, పప్పుగుత్తి, సంగటి తెడ్డు, కవ్వం. రాయికీ చెక్కకీ తూకం ధర లేదు. తరతరాలుగా భద్రంగా దాచుకున్నామని పిల్లలకు గొప్పగా చెప్తాం గానీ, సగం సామాను కొనేవాడు లేకే ఇంట్లో ఉండిపోయింది. ఈ ముక్క చెబితే పిల్లలు పడీపడీ నవ్వారు. వంశ గౌరవం గురించి నేను ఇచ్చిన ఉపన్యాసాలకంటే ఇదే వాళ్లకు నచ్చింది.

గొడవ మాత్రం హిండాలియం చట్టి, అంటే అల్యూమినియం మిశ్రమంతో పోసిన చట్టి దగ్గర వచ్చింది. అమ్మ దాన్ని ప్రత్యేకంగా తీసి పాప చేతికిచ్చింది. "మీ అమ్మ చిన్నప్పుడు చేపల పులుసంతా ఇందులోనే." పాప అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మమ్మా, ఇందులో లెడ్ ఉందా?" అని అడిగేసింది. లెడ్ అంటే సీసం.

అది గాల్లోంచి ఊడిపడిన ప్రశ్న కాదు. మేముండే కింగ్ కౌంటీలో, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల పిల్లల రక్తంలో సీసం ఎందుకు ఎక్కువగా ఉందా అని వెతికితే వాళ్ల వంటగిన్నెలు బయటపడ్డాయి. పరీక్షించిన అల్యూమినియం, ఇత్తడి గిన్నెల్లో చాలావాటి నుంచి సీసం వంటలోకి దిగుతోందని తేలింది. దాంతో వాషింగ్టన్ రాష్ట్రం 2024లో చట్టం చేసింది. 2026 జనవరి నుంచి వంటపాత్రల్లో సీసం పది లక్షల భాగాలకు 5 భాగాలు మించకూడదని అందులో పెట్టింది. 2025లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా దిగుమతైన కొన్ని గిన్నెల మీద హెచ్చరిక ఇస్తూ హిండాలియం పేరు ఎత్తింది. ఇవన్నీ మా ఇంట్లో భోజనాల దగ్గర నలిగిన మాటలే. పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే పిల్లలు వినరనుకుంటాం.

అమ్మ ముఖం మాడిపోయింది. "ఏంది పాపా, ఇందులో తిని మీ అమ్మ పెరగలేదా?" అంది.

పాప చదివే బడిలో ప్రశ్న అడిగిన పిల్లను మెచ్చుకుంటారు. అమ్మకు వినపడింది మాత్రం "నువ్వు మా అమ్మకు విషం పెట్టావా" అని. ఇలాంటప్పుడు "పెద్దవాళ్లతో అలా మాట్లాడకూడదు" అని పిల్లను గద్దించడం సులువు. చాలా ఇళ్లలో అదే చేస్తారు. నాకు మాత్రం ఈ విషయంలో పాపదే న్యాయం అనిపించింది. ఏ తుక్కు కరిగించి పోశారో తెలియని గిన్నెలో ఏముందో కంటికి కనపడదు. పైగా మనం కాచేది చింతపండు, మామిడికాయ పడ్డ పులుసు. అమ్మకు చట్టాలూ అంకెలూ చెప్పలేదు. "ఇత్తడిలో కళాయి లేకుండా పులుసు కాయనిచ్చేదానివా నువ్వు? ఇదీ అంతేనమ్మా. దీనికి కళాయి కూడా లేదు" అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే కోళ్లకు నీళ్లు పోసుకోను పక్కింటోళ్లకిస్తాలే" అంది.

పాత వంటింట్లో ఏది దేనికి వాడాలన్నది చాలావరకు పులుపే తేల్చేది. పులుసు మట్టిచట్టిలోనో రాచ్చిప్పలోనో కాయాలి. రాచ్చిప్పది మెత్తని బలపపు రాయి. పులుపుకు చలించదు, పొయ్యి మీంచి దించాక కూడా చాలాసేపు కుతకుతమంటూనే ఉంటుంది. ఖాళీగా మంట మీద పెట్టినా, వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్లు పోసినా పగులుతుంది. కొత్తదైతే ఆముదం, పసుపు పట్టించి, గంజి కాచి, రోజుల తరబడి నిదానంగా మంటకు అలవాటు చేయాలి. ఇవన్నీ అమ్మ చెప్తుంటే పాప ఫోన్లో రాసుకుంది. ఇందాకటి కోపం ఇద్దరికీ గుర్తున్నట్టు లేదు.

ఈలోగా బాబు సంగటి తెడ్డు పట్టుకుని వదల్లేదు. "మగపిల్లోడికి గరిటెలెందుకురా, అక్కకియ్యి" అంది అమ్మ. మా ఇంట్లో చేపల పులుసు కాచేది వాళ్ల నాన్నే, ఆ సంగతి అమ్మకూ తెలుసు. గుర్తు చేస్తే, "అల్లుడుగారికి అంటే, అక్కడ తప్పదు" అని దాటేసింది. తెడ్డు బాబుకే ఇప్పించాను. పాప వంట చేస్తే సంప్రదాయం, బాబు చేస్తే అవసరం అని మా ఇంట్లో చెల్లదు. అది ఉదయగిరి చెక్క. దుర్గం చుట్టూ కొండల్లో దొరికే కర్రతో చేసే ఆ గరిటెలకు ఇప్పుడు ఫలానా ఊరి సరుకు అని చెప్పే జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా ఉంది. వీడికి అదంతా పట్టలేదు, తన మోచేయంత పొడుగుందని నచ్చింది. ఇక్కడికొచ్చాక రాగిసంగటి కలిపి ఉండలు కట్టించి, అవన్నీ నన్నే తినమన్నాడు.

రుబ్బురోలు అన్నయ్యకు వదిలేశాం. పెట్టెకు 23 కిలోల లెక్కలో రోలు ఎక్కడ పెడతాం? రాచ్చిప్పను బాబు జీన్స్ ప్యాంట్లలో చుట్టి చెన్నై దాకా నా ఒళ్లో పెట్టుకుని వచ్చాను. మా ఆయనది చీమకుర్తి వైపు. "మా ఊరి రాయి దర్జాగా ఓడెక్కి పోయింది, మీ ఊరి రాయి నీ ఒళ్లో ఎక్కింది" అని దారంతా ఎగతాళి. అది నిజమే. మా వంటింటి గట్టు బ్లాక్ గెలాక్సీ, చీమకుర్తి గనుల్లోది, నలుపులో బంగారు చుక్కలు మెరిసే గ్రానైట్. డాలర్లు పోసి కొన్నాం.

ఇప్పుడు రాచ్చిప్ప ఆ గట్టు మీదే ఉంటుంది. గ్యాస్ పొయ్యి కాబట్టి సరిపోయింది, ఇండక్షన్ అయితే రాయి మీద పనిచేయదు. ఆదివారాలు పాప అందులో పప్పుచారు కాస్తుంది, బాబు పప్పు ఎనుపుతాడు. మొన్న పాపకు మళ్లీ అనుమానం వచ్చింది, రాయిని కూడా ల్యాబ్‌కు పంపించి పరీక్ష చేయిద్దామని. ఈసారి నేనే కాస్త నొచ్చుకున్నాను. అమ్మకు ఫోన్లో చెబితే ఆమె మాత్రం నవ్వేసి, "చేయించుకోండి. ఏం తేలిందో నాక్కూడా చెప్పండి, మీ పిన్ని దగ్గర ఇంకోటుంది" అంది.