మారుతి 800 బ్రేక్ పైపుకు ఫ్లేర్ చేసుకున్న నా అనుభవం

చెన్నై తిరువాన్మియూరులో సముద్రానికి నాలుగు వీధుల ఇవతల ఏళ్ల తరబడి నిలబడి ఉన్న మా నాన్నగారి మారుతి 800లో, మొన్న ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక, వెనుక చక్రానికి వెళ్లే బ్రేక్ పైపు మీద తుప్పు పొక్కులు కనిపించాయి. ఒక పొక్కును గోటితో గీకితే అడుగున ఫ్లూయిడ్ చెమ్మ తగిలింది. మెకానిక్ పాడైన ముక్కను కోసేసి మధ్యలో కంప్రెషన్ జాయింటు, అంటే నట్టు బిగింపుతోనే గొట్టాలను పట్టి ఉంచే అతుకు, వేస్తానన్నాడు. అది నీటి గొట్టానికైతే సరిపోయేదే గానీ, పెడల్ గట్టిగా తొక్కినప్పుడు 70 బార్లు దాటిపోయే ఒత్తిడికి దాన్ని నమ్మడానికి నాకు మనసొప్పలేదు. పైపు మొత్తం మార్చి, రెండు కొసలకూ ఫ్లేర్ (నట్టు కింద లీకు లేకుండా కూర్చునేలా గొట్టం అంచును విప్పార్చడం) నేనే చేసుకోవాలనుకున్నాను.

లింగి చెట్టి వీధిలో పనిముట్ల దుకాణం ఆయన నెల్లూరు వైపు వారు. ఫ్లేర్ చేసే పనిముట్టు అడగగానే చిల్లుల వరుస ఉన్న ఒక బిగింపు కడ్డీనీ, శంఖువు మొన ఉన్న స్క్రూనూ తీసి బల్ల మీద పెట్టి, “ఏసీ పనివాళ్లందరూ ఇదే పట్టుకెళ్తారండీ, దేనికైనా పనికొస్తుంది” అన్నారు. ఆ మాట విని కొనేశాను. ఏసీ రాగి గొట్టానికి కొసను ఒక్క పొరగా విప్పారిస్తే చాలు. బ్రేక్ పైపుకు మాత్రం విప్పారిన అంచును మళ్లీ లోపలికి మడిచి రెండు పొరలు చేయాలి, దాన్నే డబుల్ ఫ్లేర్ అంటారు. ఆ కడ్డీతో పాత ఉక్కు పైపు ముక్కను విప్పార్చి చూస్తే, అంచు మూడుచోట్ల వెంట్రుకవాసి పగుళ్లిచ్చింది.

దానికన్నా పెద్ద చిక్కు నట్టు విప్పాక తెలిసింది. జపాన్ కార్లలోనూ ఐరోపా కార్లలోనూ ఒకే ఎం10 (10 మిల్లీమీటర్ల) మర ఉన్న నట్టు కనిపించవచ్చు గానీ, జపాన్ కార్లలో ఎక్కువగా ఉండేది డబుల్ ఫ్లేర్, ఐరోపా కార్లలో ఎక్కువగా ఉండేది పుట్టగొడుగు తలలాంటి బబుల్ ఫ్లేర్. నట్టు బిగుసుకుంది కదా అని రెంటినీ తారుమారు చేస్తే లీకు తప్పదు. అందుకే మరను కాక పైపు బిగించే రంధ్రం (పోర్టు) లోపల ఫ్లేర్ ఆనుకునే సీటును చూడాలి: టార్చి వేసి చూస్తే మా కారులో చిన్న శంఖువు పైకి పొడుచుకుని ఉంది, కాబట్టి కావలసింది డబుల్ ఫ్లేరే. గరాటులా లోపలికి పోయి ఉంటే బబుల్ అని అర్థం.

రెండోసారి, మొదటి దానికి అయిదింతల ధర పెట్టి, బెంచ్ వైస్‌లో బిగించుకునే రకం ఫ్లేర్ పనిముట్టు కొన్నాను. దీంట్లో 4.75 మిల్లీమీటర్ల గొట్టానికే చేసిన రెండు ముక్కల డై (బిగింపు అచ్చు) ఉంటుంది, అది గొట్టాన్ని చాలా పొడవున పట్టుకుంటుంది గనుక జారదు. పైపు కూడా ఉక్కుది కాక రాగి, నికెల్ కలిసిన మిశ్రమలోహానిది తీసుకున్నాను. అది ఉప్పుగాలికి తుప్పు పట్టదు, చేత్తోనే వంగుతుంది. ఉట్టి రాగి మాత్రం అదురుకు గట్టిపడి చిట్లుతుంది, దాని జోలికి పోకూడదు.

పనిలో సగం కోతలోనే ఉంది. హాక్‌సా పక్కనపెట్టి ట్యూబ్ కట్టర్‌తో, చుట్టుకు కొంచెం కొంచెంగా బిగిస్తూ కోసి, కొసను ఆకురాయితో చదును చేసి, లోపలి అంచున లేచిన పొరను చిన్న కత్తితో తీసి, గొట్టంలోకి గాలి ఊది పొడి పోగొట్టాను. డై మీద ఒక చుక్క బ్రేక్ ఫ్లూయిడ్ రాసి, మొదటి పంచ్‌తో అంచును ఉబ్బించి, రెండో పంచ్‌తో లోపలికి మడిచాను. చక్కగా వచ్చిన మొదటి ఫ్లేర్‌ను మురిసిపోతూ చూస్తుండగా నట్టు బల్ల మీదే కనిపించింది. ఫ్లేర్ చేశాక అది పైపులోకి ఎక్కదు. కోసి మళ్లీ చేశాను. మొత్తం ఆరు ముక్కలు పాడయ్యాక, భూతద్దంలో పగులు లేకుండా, నడిమికి సరిగ్గా వచ్చిన రెండు కొసలు దక్కాయి.

బిగించి, ఫ్లూయిడ్‌లో చేరిన గాలి తీసి, మా తమ్ముణ్ణి పెడల్ మీద నిమిషం పాటు బలంగా కాలు ఉంచమని, నేను ప్రతి నట్టు చుట్టూ టిష్యూ కాగితం తిప్పాను. ఒక చోట తడిసింది. పావు చుట్టు బిగించి మళ్లీ తిప్పితే కాగితం పొడిగానే వచ్చింది. వారం తర్వాత, ఒకసారి మహాబలిపురం దాకా వెళ్లి వచ్చాక చూసినా పొడిగానే ఉంది.