నా రోజుల లెక్క మార్చిన స్నేహాలు

వేరే దేశాల ఫ్రెండ్స్ వల్ల నాకు రోజు గడిచే తీరే కొత్తగా కనిపిస్తోంది. ఇథియోపియా ఫ్రెండ్‌కి గడియారం తెల్లవారడంతో మొదలవుతుంది. నాకు ఉదయం 7 అయితే తన లెక్కలో 1 గంట. "పొద్దు పొడిస్తేనే కదా రోజు మొదలయ్యేది, అర్ధరాత్రి నుంచి లెక్క ఎందుకు?" అని తను అడిగితే నా దగ్గర జవాబు లేదు. వాళ్ల ఏడాదికి 13 నెలలు. ఆఖరి నెలకి 5 రోజులే, లీపు ఏడాదిలో 6. కొత్త సంవత్సరం సెప్టెంబర్‌లో వస్తుంది, ఆ రోజు నేను కూడా శుభాకాంక్షలు చెప్పడం మర్చిపోను.

ఇరాన్ ఫ్రెండ్‌కి కొత్త ఏడాది నౌరోజ్, సరిగ్గా వసంత విషువత్తు (వసంతంలో పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే సమయం) క్షణాన మొదలవుతుంది. అది ఏ వేళకైనా రావచ్చు, అర్ధరాత్రి దాటాక కూడా. మార్చి 20 దగ్గరపడుతుంటే "ఈసారి ఎన్నింటికి?" అని ఇప్పుడు నేనే ముందు అడుగుతున్నా.

ఇదంతా ఎక్కడైనా చదివి తెలుసుకోవచ్చు, నిజమే. కానీ మనవాళ్లు అనుకున్న మనిషి చెబితే అది మనసులో నిలిచిపోతుంది. వార్తల్లో ఆ దేశాల పేర్లు వినబడితే చాలు, నాకు టెన్షన్. వెంటనే ఫోన్ తీసి మెసేజ్ పెడతాను: "అమ్మావాళ్లు బాగున్నారా?"