గాలం సామాను పాడవకుండా దోమల మందు ఎంచుకోవడం: నా అనుభవం

సుంకేసుల దగ్గర తుంగభద్రలో గాలం వేసేవాళ్లకు తెలుసు, పొద్దు వాలేటప్పుడే చేప బాగా పడుతుంది, దోమలు కూడా సరిగ్గా అప్పుడే మీద పడతాయి. మా బావ చేతులకు స్ప్రే కొట్టుకుని అదే చేత్తో రీల్ పట్టుకునేవాడు. కొన్నాళ్లకు పిడి మీది పూత మెత్తబడి జిగటగా తయారైంది, వేళ్ల అచ్చులు పడిపోయాయి, చలువ కళ్లద్దాలు కూడా మసకబారాయి. "ఎండకు అట్లయ్యింటాది లేప్పా" అన్నాడు. నాకు మాత్రం స్ప్రే మీదే అనుమానం.

డబ్బా వెనక చిన్న అక్షరాల్లో డీట్ అని ఉంది. 1946లో అమెరికా సైన్యం కోసం తయారైన మందు ఇది, 1957 నుంచి మామూలు జనం కూడా వాడుతున్నారు. దోమల మీద గట్టిగా పనిచేస్తుంది, అందులో నాకు పేచీ లేదు. కానీ కొన్ని రకాల ప్లాస్టిక్‌ను, రెయాన్, స్పాండెక్స్ బట్టలను, పెయింటును, వార్నిష్‌ను పాడుచేస్తుంది. నూలుకు, ఉన్నికి, నైలాన్‌కు ఏమీ కాదు. కాబట్టి మామూలు నైలాన్ తంగూసుకు భయం లేదు, భయమంతా రీల్ పిడికి, రంగు వేసిన బెండుకు, మెత్తటి ప్లాస్టిక్ ఎరలకు, కళ్లద్దాలకు.

మెడికల్ షాపులో "ప్లాస్టిక్‌ను పాడుచేయనిది ఏమన్నా ఉందా న్నా" అని అడిగితే ఆయన ఇంట్లో పిల్లలకు పూసే క్రీమ్ తీసిచ్చాడు. దాంట్లో ఉన్నది డైఇథైల్ బెంజమైడ్, అంటే డీట్‌కు చాలా దగ్గరి రసాయనం, అందుకే పరీక్షించకుండా నమ్మబుద్ధి కాలేదు. నిమ్మగడ్డి నూనె వాసన బాగుంటుంది గానీ తొందరగా ఎగిరిపోతుంది, గంటలకొద్దీ ఏటి గట్టున కూర్చునేవాళ్లకు చాలదు. వెతగ్గా వెతగ్గా పికారిడిన్ అనే ఇంకో దోమల మందు గురించి తెలిసింది. 1980లలో బేయర్ కంపెనీ తయారు చేసింది, ప్లాస్టిక్‌ను కరిగించదు, జిడ్డు కూడా తక్కువ. 20 శాతం ఉన్న లోషన్ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను, క్రీమ్ కంటే ధర బాగా ఎక్కువే.

వచ్చాక పాత కళ్లద్దాల ముక్క, గాలం పెట్టె విరిగిన మూత, రంగు పోయినా పర్వాలేదనుకున్న బెండు, కాస్త తంగూసు తీసుకుని మూడు మందులూ విడివిడిగా చుక్కలు వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున చూస్తే డీట్ పడ్డ చోట అద్దం మసకబారింది, బెండు రంగు గోటికే ఊడి వచ్చింది. క్రీమ్ పెట్టిన చోట రంగు కొంచెం వెలిసింది. పికారిడిన్ చుక్క గుడ్డతో తుడిస్తే పోయింది, మరక లేదు. తంగూసు మూడింటిలోనూ గట్టిగానే ఉంది, లాగి చూశాను.

దోమలు రాకుండా బట్టలకు కొట్టే పర్మెత్రిన్ అనే పురుగుల మందు గురించి కూడా కొందరు చెప్పారు. అది చేపలకు విషం. ఏటి నీళ్ల పక్కన దాని జోలికి నేను పోను, మీరూ పోవద్దు.

ఇప్పుడు ఇంటి దగ్గరే లోషన్ పూసుకుని, అరచేతులు సబ్బుతో కడుక్కున్నాకే సామాను ముట్టుకుంటాను. మధ్యలో మళ్లీ పూసుకోవాలంటే ముంజేతి మీద వేసి రెండో ముంజేతితో రుద్దుకుంటాను, ఎర్రలు గుచ్చే వేళ్లకు మందు తగలనివ్వను. మా బావ పిడి మార్పించుకున్నాడు, ఆ డీట్ స్ప్రే మాత్రం పారేయలేదు, సాయంత్రం వాకిట్లో కూర్చునేటప్పుడు వాడుకుంటున్నాడు.